మే నెలలో శ్రీలంక బీచ్‌కి: గన్నవరంలో విమానం ఎక్కకముందే తేల్చుకోవాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీది గుంటూరు బ్రాడీపేట. మీరిద్దరు, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, 62 ఏళ్ల అమ్మగారు కలిసి మే రెండో వారంలో ఆరు రోజులు శ్రీలంక వెళ్లాలనుకుంటున్నారు. బెంటోట, మిరిస్సా బీచ్‌లు అనుకున్నారు. గన్నవరం నుంచి చెన్నైకి ఒక కంపెనీ టికెట్టు, చెన్నై నుంచి కొలంబోకి ఇంకో కంపెనీ టికెట్టు విడివిడిగా కొంటే తొమ్మిది వేలు తగ్గుతోంది. చెన్నైలో 9:40కి దిగుతారు, కొలంబో విమానం 12:05కి. టైమ్ సరిపోతుందా అన్నది మొదటి ప్రశ్న. అమ్మగారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ముందు అనుమతి కావాలనే ముద్ర) అని ఉంది, ఆవిడ శాకాహారి, వీటివల్ల ఇబ్బందా అన్నది రెండోది.

సరిపోదండీ. టికెట్లు ఇంకా కొనకపోతే ఆగండి. మీరు అడగని మాట ఇంకొకటి చెప్పాలి: మే నెలలో మిరిస్సా వద్దు.

నేను మిర్చి వ్యాపారంలో ఉన్నాను. గుంటూరు యార్డు నుంచి ఎండు మిర్చి శ్రీలంకకు చాలాకాలంగా వెళ్తోంది. ఆ పని మీద కొలంబోలోని పెట్టా బజారుకి ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లొస్తుంటాను. పిల్లల్ని, పెద్దవాళ్లని వెంటబెట్టుకుని కూడా నాలుగుసార్లు వెళ్లాను. నా చెయ్యి కాలిన చోట్లు ఎక్కువ చెబుతాను.

ముందు చెన్నై లెక్క వేద్దాం. గన్నవరానికి 2017 నుంచే ఇంటర్నేషనల్ హోదా ఉంది కానీ కొలంబోకి నేరుగా విమానం లేదు. చెన్నై, హైదరాబాద్, బెంగళూరు, వీటిలో ఏదో ఒకచోట మారాల్సిందే. మీ విమానం చెప్పిన టైముకే 9:40కి దిగిందనుకోండి. ఇద్దరు పిల్లలతో దిగి, బెల్టు మీద సూట్‌కేసులు వచ్చేసరికి 10:10 అవుతుంది. టికెట్లు వేరు కాబట్టి మీ సామాను ఎవరూ ముందుకు పంపరు, మీరే తీసుకోవాలి. బయటికొచ్చి, ఇంటర్నేషనల్ టెర్మినల్‌కి ట్రాలీ తోసుకుంటూ వెళ్లి, గేటు దగ్గర పాస్‌పోర్టులు చూపించి కౌంటర్ లైన్లో నిలబడేసరికి 10:35. ఇంటర్నేషనల్ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. అంటే మీకు 11:05. అన్నీ సవ్యంగా జరిగితేనే చేతిలో మిగిలేది అరగంట. గన్నవరంలో విమానం ముప్పావుగంట ఆలస్యమైతే కౌంటర్ మూతపడ్డాక చేరతారు.

ఆలస్యమైంది మీ తప్పు కాదు కదా అని మొదటి కంపెనీ వాళ్లను అడిగితే, మిమ్మల్ని చెన్నైలో దించాం, మా పని అయిపోయింది అంటారు. రెండో కంపెనీ వాళ్లు మీరు రాలేదు కాబట్టి నో-షో అంటారు. ఇద్దరూ రూల్ ప్రకారమే మాట్లాడతారు. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది: వెళ్లే విమానం ఎక్కకపోతే, అదే బుకింగ్‌లో ఉన్న తిరుగు టికెట్టు కూడా చాలా కంపెనీలు రద్దు చేసేస్తాయి. తొమ్మిది వేలు మిగుల్చుకోబోయి ఐదుగురికి రానూపోనూ మళ్లీ కొనాల్సొస్తుంది.

నాకు ఇది ఒక డిసెంబరులో జరిగింది. ఆ నెలల్లో గన్నవరంలో పొద్దున్నే పొగమంచు ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. మేము ఎక్కాల్సిన విమానం పైన చక్కర్లు కొట్టి కొట్టి, దిగలేక హైదరాబాద్ వెళ్లిపోయింది. అది తిరిగొచ్చి మమ్మల్ని చెన్నై చేర్చేసరికి కొలంబో విమానం వెళ్లిపోయింది. అప్పటికప్పుడు కొన్న కొత్త టికెట్ల ధర పాత టికెట్లకు రెట్టింపు దాటింది. ఆ రోజు మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. మేలో పొగమంచు ఉండదు, నిజమే. కానీ విమానం లేటవడానికి మంచే అక్కర్లేదు.

అందుకే నేను పాటించే పద్ధతి ఒకటే. గన్నవరం నుంచి కొలంబో దాకా ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద టికెట్టు తీసుకోండి. మధ్యలో లేటైతే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లది అవుతుంది. సామాను పరిమితి కూడా కలిసొస్తుంది. విడి టికెట్లయితే డొమెస్టిక్ విమానంలో మనిషికి మామూలుగా 15 కిలోలే, ఆ పరిమితికే మొత్తం సర్దుకోవాలి. గన్నవరం కౌంటర్లో సామాను కొలంబో దాకా ట్యాగ్ చేయమని అడిగి, ఆ చీటీ మీద సీఎంబీ అనే మూడు అక్షరాలు ఉన్నాయో లేదో మీరే చూసుకోండి. అది కొలంబోకి ఉన్న కటునాయకె ఎయిర్‌పోర్టు కోడ్. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒకే టికెట్ అయినా చెన్నైలో సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. మన దేశంలో మొదట దిగిన చోటే కస్టమ్స్ చూస్తారు. అందుకని తిరుగు ప్రయాణంలో చెన్నైలో కనీసం మూడు నాలుగు గంటల గ్యాప్ ఉండేలా చూసుకోండి.

ఒకే టికెట్టు మరీ ఖరీదుగా ఉంటే మీ ఊరివాళ్లకి ఇంకో దారి ఉంది: తెనాలి. ముందు రోజు రాత్రి తెనాలిలో చెన్నై రైలెక్కి, పొద్దున దిగి, మధ్యాహ్నమో సాయంత్రమో ఉన్న కొలంబో విమానం అందుకోవచ్చు. సెంట్రల్‌లో దిగితే మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టుకి వెళ్తుంది. రైలు రెండు గంటలు లేటైనా ఇబ్బంది లేదు. ఏసీ బెర్తులు మాత్రం ముందే చూసుకోవాలి, మే నెల కదా. నేను ఒంటరిగా వెళ్లేటప్పుడు ఇప్పటికీ ఇలాగే వెళ్తాను. చిన్నబాబు, అమ్మగారు ఉన్నారు కాబట్టి మీకు మొదటి మాటే మేలు. చెన్నై నుంచి కొలంబోకి ఎగిరేది గంటా ఇరవై నిమిషాలే. అక్కడి టైమూ మన టైమూ ఒకటే, గడియారం ముట్టుకోనక్కర్లేదు.

ఇక సముద్రం సంగతి. నా ఉద్దేశంలో టికెట్ల కన్నా ఇదే పెద్ద పొరపాటు అయ్యేది.

శ్రీలంక చిన్న దేశమే అయినా రెండు ఋతుపవనాలు రెండు వైపులా కొడతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు పడమటి, దక్షిణ తీరాల మీద పడతాయి. బెంటోట, హిక్కడువ, గాలె, మిరిస్సా అన్నీ ఆ వైపువే. మనకు వానలు జూన్‌లో మొదలైతే అక్కడ మేలోనే పట్టుకుంటాయి. రోజంతా వాన పడకపోవచ్చు, కానీ సముద్రం మాత్రం పోటెత్తి ఉంటుంది. ఎర్ర జెండాలు పెడతారు, పిల్లల్ని మోకాళ్ల లోతుకి కూడా పంపలేం. మిరిస్సాలో నీలి తిమింగలాలను చూపించే పడవల సీజన్ కూడా నవంబరు నుంచి ఏప్రిల్ దాకానే. ఆ తీరంలో వానల నెలల్లో హోటళ్లు సగం ధరకు ఇస్తున్నాయంటే కారణం అదే. ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు, సగం ధర మాత్రమే చెబుతారు.

అదే మే నెలలో తూర్పు తీరం ప్రశాంతంగా ఉంటుంది. ట్రింకోమలీ, దాని పక్కనే ఉప్పువెలి, నిలావెలి, ఇంకా కిందికి పాసికుడా. ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబరు దాకా అక్కడ సముద్రం చెరువులా ఉంటుంది. పాసికుడాలో నీళ్లలో పాతిక అడుగులు నడిచినా నడుము లోతు రాదు. సూర్యలంకలో మన పిల్లలు అలకి భయపడి వెనక్కి పరుగెత్తుకొస్తారు చూడండి, అక్కడ ఆ పని ఉండదు. ఎండ మాత్రం మన ఎండే. పదకొండు నుంచి నాలుగు దాకా గదిలో ఉండి పొద్దున, సాయంత్రం నీళ్లలోకి దిగండి.

వేసవి సెలవుల్లో వెళ్తే తూర్పుకి, క్రిస్మస్‌కో సంక్రాంతికో వెళ్తే దక్షిణానికి. మా ఇంట్లో ఇదే లెక్క. అక్టోబరు, నవంబరు నెలల్లో ఏ వైపూ నమ్మకం లేదు. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫాను ఆ దేశాన్ని ఎంత దెబ్బ తీసిందో వార్తల్లో చూసే ఉంటారు.

ట్రింకోమలీ అమ్మగారికి కూడా నచ్చుతుంది. ఊరి చివర సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ అంచున కోణేశ్వరం గుడి ఉంది. తమిళ శివభక్త కవులైన నాయనార్లు తేవారం పాటల్లో పాడిన శివక్షేత్రాల్లో అదొకటి. గుడి పక్కన నిలబడితే కింద నిట్టనిలువు లోయ, దాని కింద సముద్రం. దగ్గర్లో కన్నియాయి అనే చోట ఏడు వేడినీళ్ల బావులు ఉన్నాయి. ఆ ఊరి ఓడరేవు ప్రపంచంలో పేరున్న సహజ రేవుల్లో ఒకటి. 1942 ఏప్రిల్లో జపాన్ విమానాలు ఏ వారంలో కాకినాడ, విశాఖల మీద బాంబులు వేశాయో అదే వారంలో కొలంబో మీద, ఈ ట్రింకోమలీ మీద కూడా వేశాయి. పిల్లలకి ఇలాంటివి చెబితే గుర్తుంటాయి, మా వాడికి బీచ్ కన్నా ఇదే గుర్తుంది.

పిజన్ ఐలాండ్ అని నిలావెలి ఎదురుగా చిన్న దీవి, అది నేషనల్ పార్కు. పడవలో తీసుకెళ్లి పగడపు దిబ్బల మీద స్నార్కెలింగ్ చేయిస్తారు. విదేశీయులకు టికెట్టు బాగా ఎక్కువ, పడవ డబ్బులు వేరు. పాపకు ఈత వస్తే లైఫ్ జాకెట్ వేయించి తీసుకెళ్లండి. నాలుగేళ్ల బాబుని తీసుకెళ్లకండి, నానమ్మ దగ్గర ఒడ్డునే ఉంచడం మంచిది. పగడాల మీద కాళ్లు పెట్టొద్దు. అవి చస్తాయి, మన కాళ్లూ కోసుకుంటాయి.

ఇబ్బంది ఒక్కటే, దూరం. కటునాయకె ఎయిర్‌పోర్టు నుంచి బెంటోట రెండు గంటలు, ట్రింకోమలీ ఐదారు గంటలు. కాబట్టి దిగిన రోజే అంత దూరం లాగించకండి. కురునేగల, దంబుల్లా, హబరన మీదుగా దారి. మొదటి రాత్రి దంబుల్లాలో ఉండి, మర్నాడు పొద్దున గుహాలయం చూసుకుని మధ్యాహ్నానికి సముద్రం చేరుకోండి. సిగిరియా కొండ కూడా దగ్గరే, కానీ దాదాపు 1,200 మెట్లు. అమ్మగారిని కింద కూర్చోబెట్టి మీరు ఎక్కాలనుకుంటే ఉదయం ఏడింటికల్లా మొదలుపెట్టాలి. మేలో తొమ్మిది దాటితే ఆ రాయి పెనంలా కాలుతుంది. ఐదుగురికి వ్యాన్ మాట్లాడుకోండి, డ్రైవర్‌తో సహా రోజువారీ లెక్క ఉంటుంది. డ్రైవర్ బస, భోజనం ఎవరి ఖర్చో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. చెన్నై నుంచి జాఫ్నాకి కూడా చిన్న విమానాలున్నాయి, అక్కడి నుంచి ట్రింకో దగ్గర కదా అని ఎవరో ఒకరు చెబుతారు. మ్యాప్‌లో దగ్గరే, రోడ్డు మీద మళ్లీ నాలుగున్నర ఐదు గంటలు. జాఫ్నా కూడా చూడాలనుంటే తప్ప లాభం లేదు.

కాగితాల విషయానికొస్తే, ఈసీఆర్ గురించి టెన్షన్ పడకండి. ఆ ముద్ర గల్ఫ్ లాంటి కొన్ని నిర్దిష్ట దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవాళ్ల కోసం పెట్టింది. ఆ దేశాల జాబితాలో శ్రీలంక లేదు, అమ్మగారు వెళ్తున్నది ఉద్యోగానికీ కాదు. పదో తరగతి సర్టిఫికెట్ లేని మన అమ్మల్లో చాలామంది పాస్‌పోర్టుల మీద ఆ ముద్ర ఉంటుంది.

అసలు చూసుకోవాల్సింది పాప పాస్‌పోర్టు. పిల్లలకు ఐదేళ్లకే ఇస్తారు. నాలుగేళ్ల వయసులో తీయించి ఉంటే ఈపాటికి అయిపోయి ఉంటుంది. ప్రయాణం నాటికి ఆరు నెలలు మిగిలి ఉండాలి. లేకపోతే విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి, వేసవిలో రద్దీ ఎక్కువ.

శ్రీలంకకు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి కావాలి. ఐదుగురికీ ఐదు, నాలుగేళ్ల బాబుకి కూడా. మామూలుగా 30 రోజులకిస్తారు. భారతీయులకు ఫీజు ఉందా లేదా అన్నది 2023 నుంచి చాలాసార్లు మారింది, కాబట్టి టికెట్టు కొనే రోజున వాళ్ల ప్రభుత్వ సైట్‌లోనే చూడండి. గూగుల్‌లో వెతికితే అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు పైన వస్తాయి, సర్వీస్ చార్జీ పేరుతో నాలుగింతలు లాగుతాయి. అడ్రసు చివర గవ్ డాట్ ఎల్‌కే అని ఉంటేనే కార్డు నంబరు కొట్టండి. మన పేర్లతో ఇంకో తలనొప్పి: పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక్కోసారి ఖాళీగా ఉంటుంది, ఒక్కోసారి అంతా ఒకే గడిలో ఉంటుంది. ఆధార్‌లో ఉన్నట్టో, పిలిచేటట్టో కాదు, పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అదే టికెట్టు మీదా, ఈటీఏలోనూ ఉండాలి. ఇనిషియల్ పెట్టి సరిపెట్టకండి.

ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని కొంత పన్ను ముందే పట్టుకుంటారు. అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్ను వేసినప్పుడు సర్దుకోవచ్చు. రిటర్ను వేసేవాళ్ల పాన్ ఇచ్చి బుక్ చేయండి.

డబ్బు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మన రూపాయికి అక్కడ మూడు రూపాయలకు పైనే వస్తాయి. అందుకే కొబ్బరిబోండాం ధర వినగానే ఉలిక్కిపడకండి, భాగించండి. ఎయిర్‌పోర్టు లోపలే బ్యాంకు కౌంటర్లున్నాయి, అక్కడే మార్చుకోండి, రసీదు దాచుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ మన యూపీఐ నడుస్తోంది. కానీ యాప్‌లో ఇంటర్నేషనల్ అనే ఆప్షన్ ఇక్కడుండగానే ఆన్ చేసుకోవాలి. దాని మీదే ఆధారపడొద్దు. ట్రింకోలో తోపుడుబండి వాడికీ ఆటోవాడికీ నోట్లే కావాలి.

శాకాహారం గురించి మాత్రం జాగ్రత్తగా వినండి. అన్నం, పప్పు, కూరలు, అప్పాలు, ఇడియాప్పం, కొబ్బరి సంబల్, అన్నీ మన నోటికి దగ్గరగానే ఉంటాయి, కారం కూడా బాగానే వేస్తారు. అందులో సగం మన ఊరి మిర్చే అయ్యుండొచ్చు. చిక్కెక్కడంటే, సింహళ వంటలో ఉంబలకడ అని ఎండు చేప పొడి వాడతారు. కొబ్బరి సంబల్లో, ఒక్కోసారి పప్పులో, ఆకుకూరలో కూడా వేస్తారు. వెజిటేరియనా అని అడిగితే అవునంటారు, వాళ్ల లెక్కలో అది చేప కూర కాదు, తాలింపు సరుకు. ‘ఉంబలకడ లేకుండా’ అని పేరు పెట్టి అడగండి. ట్రింకోమలీలో తమిళులు ఎక్కువ, శైవ భోజనశాలలున్నాయి, అక్కడ అమ్మగారు నిశ్చింతగా ఇడ్లీ, దోసె తినొచ్చు. తమిళం నాలుగు ముక్కలు వస్తే ఆ ఊళ్లో మీకు దిగుల్లేదు. తూర్పు తీరానికి వెళ్లమనడానికి ఇదీ ఒక కారణం.

ఆవకాయ తీసుకెళ్తారని నాకు తెలుసు. సీసా చేతిసంచీలో పెడితే సెక్యూరిటీలో తీసేస్తారు. బాగా సీలు చేసి, రెండు కవర్లలో చుట్టి పెద్ద సూట్‌కేసులో వేయండి. గుడికని ఎండు కొబ్బరి పెట్టుకోవద్దు, అందులో నూనె ఉంటుంది, అంటుకుంటుందని విమానంలోకి రానివ్వరు. బంగినపల్లి పళ్లు కూడా వద్దు, మొక్కల క్వారంటైన్ వాళ్లు అక్కడ ఆపుతారు. అమ్మగారి బీపీ మాత్రలు చీటీతో సహా చేతిసంచీలో ఉండాలి. నగలు ఇంట్లో పెట్టి వెళ్లండి. కొలంబో విమానాల్లో వచ్చేవాళ్ల ఒంటి మీద బంగారాన్ని చెన్నై కస్టమ్స్‌లో ప్రత్యేకంగా చూస్తారు. తప్పనిసరిగా వేసుకెళ్లాల్సింది ఉంటే వెళ్లేటప్పుడే కస్టమ్స్ కౌంటర్లో చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. అది లేకుండా ‘ఇది మా అత్తగారు పెట్టింది’ అంటే వాళ్లు వినరు.

తేదీలు ఖరారు చేసేముందు పౌర్ణమి ఎప్పుడో చూసుకోండి. అక్కడ ప్రతి పౌర్ణమీ పోయా అని సెలవు. ఆ రోజు మద్యం అమ్మరు, మీకు అది అవసరమా కాదా నేను అడగను. మే నెల పౌర్ణమి వెసాక్, అంటే బుద్ధ పూర్ణిమ. ఊరూరా కాగితపు లాంతర్లు, దారిపొడవునా ఉచిత భోజనాల పందిళ్లు, చూడముచ్చటగా ఉంటుంది. రోడ్లు మాత్రం కదలవు, గదులు దొరకవు. ఆ రెండు రోజుల్లో ఎయిర్‌పోర్టు ప్రయాణం పెట్టుకోకండి. మన అమరావతి, నాగార్జునకొండ చూసినవాళ్లకి అక్కడి స్తూపాలు కొత్తగా అనిపించవు. నాగార్జునకొండలో సింహళ విహారం అని వాళ్ల భిక్షువుల కోసం ఒకటి ఉండేదని శాసనంలోనే ఉంది. ఒక్క జాగ్రత్త: బుద్ధుడి విగ్రహానికి వీపు చూపిస్తూ సెల్ఫీ దిగితే అక్కడ పెద్ద తప్పు. పిల్లలకి ముందే చెప్పండి.

చివరి రాత్రి ట్రింకోలో ఉండకండి. అక్కడి నుంచి పొద్దున విమానానికి రావాలంటే అర్ధరాత్రే బయలుదేరాలి. అంతకుముందు రోజు మధ్యాహ్నానికే బయలుదేరి నెగొంబోలో పడుకోండి, ఎయిర్‌పోర్టు పక్కనే, ఆటోలో కూడా వెళ్లిపోవచ్చు. అక్కడ పెద్ద చేపల మార్కెట్ ఉంది, తెల్లవారుజామున పడవలొస్తాయి, ఒడ్డంతా గోనెపట్టాలు పరిచి చేపలు ఎండబెడతారు. మీరూ పాపా వెళ్లి చూడండి. అమ్మగారిని మాత్రం హోటల్లోనే కాఫీ తాగమనండి, ఆ వాసన చీర వదలదు, మళ్లీ చెన్నై దాకా విమానంలో వస్తుంది.